మందు పొయ్యాకు

మూడో అంతస్తు మెట్ల మీద చెప్పు తెగింది.

రేహానా ఆగదు. రెండో చెప్పు కూడా విదిలించి పరుగెత్తుతుంది.

జాకెట్లో రెండు పాస్‌పోర్టులు గుచ్చుకుంటున్నాయి. ఒకటి తనది, ఒకటి మొగుడు బాబ్జాన్‌ది.

తెల్లారితే బస్సు. బస్రా, బాగ్దాద్, అమ్మాన్... అక్కడి నుంచి విమానం. పాస్‌పోర్టు లేకపోతే బస్సు ఎక్కనివ్వరు.

"మే రేహానా... యాడికి పోతావు మే?"

పైనుంచి పెంచల్ గొంతు. తొందర లేని గొంతు.

మొన్నటిదాకా కఫీల్ కారు తుడిచిన డ్రైవరు. కఫీల్ అంటే వీళ్లకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది, కఫీల్ సౌదీకి పారిపోయాడు. అప్పటి నుంచి హవల్లీ పేటలోని ఈ బిల్డింగుకు పెంచలే కఫీల్. పనివాళ్ల పాస్‌పోర్టులన్నీ బీరువాలో పెట్టుకున్నాడు. కఫీల్ పిస్టల్ నడుముకు దోపుకున్నాడు.

ఆ పిస్టలే వాడికి తలనొప్పి. ఎవరో తెల్లదొర కఫీల్ తాతకిచ్చిన పాతకాలపు వస్తువు. ఇరాక్ సైనికుల తూటా అందులో దూరదు. దానికి సరిపోయే తూటా కావాలంటే, ఒక్కోదానికి బియ్యం మూట అడుగుతున్నారు. బియ్యమే దొరకని ఊళ్లో!

అందుకే పేలిపోయిన ఖాళీ తొడుగులన్నీ ఏరుకొచ్చి బాబ్జాన్ ముందు కుమ్మరించాడు. కఫీల్ వేటకు పోయేటప్పుడు తూటాలు నింపే పని బాబ్జాన్‌దే.

"మళ్లీ మందు దట్టించి ఇయ్యిరా. పేలకపోతే నీ పని ఖలాస్."

బాబ్జాన్ తలూపాడు. తలూపడం ఒక్కటే అతనికి చేతనవును. ఏ పనీ సరిగ్గా చెయ్యడు. సాయంత్రమైతే దొంగచాటుగా కాచిన సారా పెంచల్‌కు పోస్తాడు, తానూ పోసుకుంటాడు. ఆ సీసా మీద మొగుడూ పెళ్లాలకు రోజూ గొడవే.

ఈ మధ్యాహ్నం టీ వంకతో రేహానా, బాబ్జాన్ ఉన్న వంటింట్లోకి వెళ్లింది. గుమ్మంలో పెంచల్ వీపు. మొగుడి చెవిలో రెండే మాటలు అంది.

"మందు పొయ్యాకు."

తలూపాడు.

ఆ ధైర్యంతోనే బీరువా తెరిచి ఉండగా పాస్‌పోర్టులు లాక్కుంది. వాడి చేతిలో ఇప్పుడున్నది ఉత్త ఇనుప ముక్క.

ఆఖరి మెట్టు. కింద పార్కింగ్. ఇనుప గేటు...

తాళం!

వెనక్కి తిరుగుతుంది. పెంచల్ మెట్లు దిగి నిలబడ్డాడు. పిస్టల్ ఆమె గుండెకు సూటిగా.

"ఇట్లియ్యి. నీ మీద తూటా దండగ. బియ్యం మూట చేస్తావా మే నువ్వు?"

రేహానా నవ్వుతుంది.

"కాల్చు పెంచలూ. కార్లు తుడిచిన చెయ్యి గదా, దాన్ని గూడా తుడుచుకునేకి పెట్టుకున్యావా?"

వాడి దవడ బిగుసుకుంటుంది.

"నేను కఫీల్ ఇంట్లో ఎంగిలి గిన్నెలు కడిగినా. నువ్వు కఫీల్ ఎంగిలిని నెత్తిన పెట్టుకోని తిరుగుతాండావు. జరుగు, నా మొగుణ్ని పిల్చుకోని పోవాల."

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆయాసపడుతూ బాబ్జాన్.

"దా రా. నీ పెండ్లానికి బుద్ధి చెప్పుకో," అని పెంచల్ దారి ఇస్తాడు.

బాబ్జాన్ ఆమె పక్కకు వస్తాడు. ముఖంలో ఎన్నడూ లేని గర్వం. గుసగుసగా అంటాడు:

"నువ్వు చెప్పినట్టే చేసినా మే. ఈ పొద్దు వానికి ఒక్క చుక్క గూడా పొయ్యలే. సీసా దాచిపెట్టినా."

రేహానా నవ్వు ఆగిపోతుంది.

"యో... తూటాల్లో?"

"తూటాల్లో నిండా పోసినా. పేలకపోతే చంపుతానన్యాడు గదా."

తాగని పెంచల్. వణకని చెయ్యి.

ఆమె జాకెట్లోంచి పాస్‌పోర్టులు బయటికి తీస్తుంది. చాచి పట్టుకుంటుంది.

పెంచల్ వాటి వైపు చూడడు.

"మూట పోతే పోనీలే," అంటాడు.

బాబ్జాన్ ఆమె ముఖం చూస్తాడు. అప్పుడు అర్థమవుతుంది అతనికి. ఈసారి తలూపడు. ఒక్క అడుగు ముందుకు వేసి ఆమెకు అడ్డంగా నిలబడతాడు.

ధాం!

పార్కింగంతా మోగుతుంది. బాబ్జాన్ ఆమె కాళ్ల దగ్గర కుప్పకూలాడు.

ఏ పనీ సరిగ్గా చెయ్యని మనిషి నింపిన తూటా.

చక్కగా పేలింది.