పదేళ్ల తుపాకీ, ఈ ఏటి బ్యారెల్

"ఇంజనీర్ హవ్రానెక్ రేపు ఫెర్లాహ్ కొండల్లో వేటకెళ్తున్నాడు. ప్రాణాలతో తిరిగి రావాలి. అదే నీ అసైన్‌మెంట్," అన్నాడు కర్నల్.

"సరిహద్దు దాటొచ్చినవాడు. అవతలి ముఠా వెంటాడుతోంది. వేట మాన్పించకూడదా సార్?" అన్నాడు ఏజెంట్ లోరెంజ్.

"దుప్పిని కొట్టాకే రాకెట్ డ్రాయింగులు ఇస్తానంటున్నాడయ్యా. మొండిఘటం!"

మర్నాడు పొద్దున్నే వేటగాళ్లంతా ఆనవాయితీ ప్రకారం గురి సరిచూసుకుంటున్నారు. లోరెంజ్ మూడు గుళ్లు పేల్చాడు. మూడూ గురికి జానెడు ఎడమగా తగిలాయి.

పక్కనే మెలిట్టా పకపకా నవ్వింది. రెండేళ్లుగా ఆమె అతని పార్ట్‌నర్. బయటికి మొగుడూ పెళ్లాల వేషం. ఆ వేషం విప్పడం లోరెంజ్ ఎప్పుడో మరిచిపోయాడు.

"ముసలాడివైపోయావు లోరీ! దుప్పులకి నీవల్ల ఏ భయమూ లేదు. నేను పైనుంచి కాపలా కాస్తాలే." అడుగున రేడియో దాచిన కాఫీ ఫ్లాస్కు భుజాన వేసుకుని, సీతాకోకలా కొండెక్కిపోయింది.

లోరెంజ్‌కి మనసొప్పలేదు. పోలీసుల్లో చేరకముందు ఈ ఊళ్లోనే తుపాకులు చేసే ముసలి వుట్టె దుకాణంలో ఆకురాయి పట్టినవాడు. బోల్ట్ లాగేసి, రెండు మరలు విప్పి, చెక్కలోంచి ఇనుము పైకెత్తాడు. అదే పొడవు, అదే నలుపు. తిరగేస్తే కడుపు మీద, ప్రతి కొత్త బ్యారెల్‌కీ వేయించాల్సిన ప్రభుత్వ పరీక్ష ముద్ర. ముద్ర పక్కన ఏడాది: 66.

తుపాకీ 56లో కొన్నది.

పోయిన నెల పుట్టినరోజు కానుకంటూ, చెక్కకి నూనె పెట్టించుకొస్తానని వుట్టె దగ్గరికి పట్టుకెళ్లింది మెలిట్టా.

గబగబా మరలు బిగించి, తుపాకీ భుజానేసుకుని పరుగెత్తాడు. ఏటా వేటకొచ్చి రిపేర్లు చేసే వుట్టె, పనిముట్ల పెట్టె పక్కనే కూర్చుని సాసేజ్ కోసుకుంటున్నాడు.

"గురువుగారూ, నా బ్యారెల్ మార్చారా?"

ముసలాడు తలెత్తలేదు. "వైజులో బిగించి రెంచితో ఒక్క గుంజు. నీకు నేర్పిందేగా."

"గేజీ పెట్టి బిగువు సరిచూశారా?"

"నన్నే అడుగుతావురా? వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించు!"

"మరి నా పాతది?"

"ఇలాంటి తుపాకీకే బిగించి ఆమెకిచ్చాను."

లోరెంజ్‌కి పన్నాగం అర్థమైంది. ఆ పాత బ్యారెల్ పేల్చిన గుండు శాంపిల్ వియన్నా ఆఫీసులో భద్రంగా ఉంది. ఇంజనీర్ గుండెలో దొరికే గుండు మీద అవే గీతలుంటాయి. పైగా తను బ్యారెల్ మార్చడం వచ్చినవాడు, తనే మార్చాడంటారు. సొంత ఆఫీసే తనను జీవితాంతం జైల్లో కుక్కుతుంది.

"ఎందుకు చేశారు?"

"దుకాణం నీ చేతిలో పెడదామనుకున్నా. నువ్వు పోలీసోళ్లకి బంటువైపోయావు. ఆమె ఏదో పందెం కోసమంది. నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నా."

"ఎక్కడుంది?"

వుట్టె కత్తి మొనతో కొండ మీది గడ్డికొట్టం చూపించాడు.

లోరెంజ్ రేడియో నొక్కాడు. అంతా ఆపేయమనడానికి కోడ్ మాట: "కేకు మాడింది!"

జవాబు తీయగా వచ్చింది. "మాడలేదు లోరీ. ఇప్పుడే పొంగుతోంది."

అవతల ఇంజనీర్ మంచె నిచ్చెన ఎక్కుతున్నాడు. కొట్టం చెక్కల సందులోంచి లోరెంజ్ పాత బ్యారెల్ అతని వీపుకేసి చూస్తోంది.

తుపాకీ జానెడు ఎడమకి కొడుతోంది. లోరెంజ్ జానెడు కుడికి గురిపెట్టి నొక్కాడు.

కొట్టంలో ఆమె తుపాకీ మీది దుర్భిణి అద్దం భళ్లున పగిలింది. మెలిట్టా గుండు గురి తప్పి పైన్ చెట్టు కొమ్మ విరిచింది. తుపాకీ జారి కింద గడ్డిలో పడింది.

చెంప మీద రక్తంతో, చేతులెత్తి దిగొచ్చింది మెలిట్టా. "నా కానుక బాగానే పనిచేసిందే!"

"రెండేళ్లలో ఒక్కరోజైనా నిజముందా?" అన్నాడు బేడీలు వేస్తూ.

"నువ్వు వండిన సూప్ బాగాలేదన్నానే, ఆ రోజు."

సాయంత్రం వుట్టెని జీపెక్కిస్తుంటే లోరెంజ్ ఉండబట్టలేక అన్నాడు: "ఆ ముద్ర వేయించకపోతే నాకు తెలిసేదే కాదు గురువుగారూ."

ముసలాడి మీసాలు నిక్కపొడుచుకున్నాయి. "ముద్ర లేని బ్యారెల్ నా గడప దాటించమంటావా? నేనేమన్నా దొంగనట్రా?"