రాళ్ళ మీద నీళ్ళ చప్పుడు

"రేనో, పెరట్లో ఆవిరి స్నానాల గదిలో ఎవరో ఉన్నారు. రాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నారు. నీకు వినిపించడం లేదూ?"

భర్త రేనో కాఫీ కప్పు దించలేదు. "అక్కడ పొయ్యి వెలిగించి నెల దాటింది హెల్వీ. చల్లటి రాళ్ళ మీద పోస్తే ఆవిరొస్తుందా? అలా పోసే పిచ్చివాడు ఈ థండర్ బే ఊళ్ళో ఎవడున్నాడు?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. కూతురు కైసాను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పటి నుంచి ఆ ఇంట్లో 'పిచ్చి' అన్న మాట ఎవరూ అనడం లేదు.

హెల్వి కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. మంచులో సగం మునిగిన చెక్క గది, పొగ లేని గొట్టం. గుమ్మం దాకా అడుగు జాడైనా లేదు. అయినా ఆ చప్పుడు మాత్రం కొంచెం వచ్చి, ఆగి, మళ్ళీ కొంచెం వస్తోంది. తనలా కుమ్మరించడం కాదు, కైసా పోసినట్టే ఉంది. ఆసుపత్రిలో పిల్లకేమైనా అయిందేమో. అయితే ఫోన్ చేసేవారు కదా. చెప్పడానికి వాళ్ళకే నోరు రావడం లేదేమో.

పోయిన నెల ఒక తెల్లవారుజామున, ముప్పై ఏళ్ళ కూతురు నైటీతో గడ్డకట్టిన సరస్సు మీదికి నడిచి వెళ్ళిపోయింది. మంచు కింద నుంచి ఎవరో పిలుస్తున్నారంది. పోలీసులకు ఫోన్ చేసింది హెల్వియే. ఆ రోజు నుంచి కైసా తల్లితో మాట్లాడలేదు. నెలనెలా సూది వేయాలన్నాడు డాక్టరు. తన వైద్యం గురించి తాను ఆలోచించుకునే స్థితిలో కైసా లేదనీ, తల్లి ఒప్పుకుంటే చాలనీ అన్నాడు. హెల్వి ఒప్పుకుంది. ఇష్టం లేని వైద్యం మీద రోగుల గోడు విని తీర్పు చెప్పే బోర్డుకు కైసా మొరపెట్టుకుంది. ఆ బోర్డు వాళ్ళు ఈ రోజే ఆసుపత్రికి వస్తున్నారు.

"వాళ్ళడిగితే ఏం చెబుతావు?" అన్నాడు రేనో.

"సూది పడితే నా పిల్ల బతికి ఉంటుందని చెబుతాను."

"పోయినసారి పడ్డప్పుడు బతికే ఉందంటావా?"

"నోరు ముయ్యి ముసలాడా!" హెల్వి యాలకుల రొట్టెను గుడ్డలో చుట్టింది.

పోయినసారి సూదులు పడిన చలికాలమంతా కైసా ఈ బల్ల దగ్గరే కూర్చుంది. చెంచా నోటి దాకా వెళ్ళి ఆగిపోయేది. పిలిస్తే ముందు తల తిరిగేది, చూపు ఎప్పటికో తిరిగేది. కూతురి చర్మం తొడుక్కుని ఇంకెవరో కూర్చున్నట్టు ఉండేది. కానీ తలుపు గడియ వేశామా అని మాటిమాటికీ చూసుకునే పని ఉండేది కాదు.

సూదులు ఆపేసి, మనిషి మామూలయ్యాక, ఒక శనివారం ఆవిరిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు కైసా ఒక మాట అంది. హెల్వి దాన్ని రేనోకి కూడా చెప్పలేదు. ఆవిరి గదిలో అన్న మాట గుమ్మం దాటకూడదని అత్తగారి నాటి నుంచీ ఆ ఇంటి కట్టుబాటు. ఇప్పుడా కట్టుబాటునే గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో చిన్న గది. బల్లకు అటువైపు బోర్డు వాళ్ళు ముగ్గురు, ఒక పక్కన డాక్టరు, ఇటువైపు హెల్వి, రేనో. ఎదురుగా కైసా, రెప్ప వేయకుండా తల్లినే చూస్తోంది.

"హెల్వి గారూ," అంది బోర్డు పెద్ద, తెల్లజుట్టు ఆవిడ. "మీ అమ్మాయి బాగున్న రోజుల్లో ఈ సూది గురించి మీతో ఏమైనా అందా? మీ ఇష్టం కన్నా, డాక్టరు గారి ఇష్టం కన్నా, అప్పటి ఆ అమ్మాయి మాటకే ఇక్కడ విలువ ఎక్కువ."

'లేదు' అనబోయింది హెల్వి. అప్పుడు గది మూల నుంచి వినిపించింది, రాళ్ళ మీద నీళ్ళ చప్పుడు. కొంచెం, ఆగి, మళ్ళీ కొంచెం. బోర్డు వాళ్ళెవరూ తల తిప్పలేదు. కైసా తిప్పింది.

"అంది," అంది హెల్వి. "'ఈ జబ్బు మళ్ళీ వస్తే నన్ను తాళం వేసి ఉంచినా సరే, మాత్రలు మింగించినా సరే, ఆ సూది మాత్రం పడనివ్వకమ్మా. అది పడితే నేను నాలో ఉండను' అంది. అప్పుడు దానికి నాకంటే ఎక్కువ తెలివి ఉంది. నేను సరేనన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు డాక్టరు.

"సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది బాబూ!" హెల్వి ఏడ్చేసింది. "సూది లేకపోతే నా పిల్ల మళ్ళీ దాని మీద నడుస్తుందేమోనని."

నిర్ణయం రేపు చెబుతామని బోర్డు వాళ్ళు లేచారు. నర్సు జాలిపడి కైసాను కాసేపు వరండాలో నిలబెట్టింది.

"మాత్రలు మింగుతావా తల్లీ? నాలుక కింద దాచవు కదా? నా నోటితో నేనే నిన్ను చంపుకున్నట్టవుతుందేమోనే!"

కైసా గోడ వైపు తిరిగింది.

"పోనీ తిట్టు. ఇంటికొచ్చిన రోజు ఆవిరి గదిలో పొయ్యి వెలిగించమంటావా? అదైనా చెప్పు."

నర్సు గడియారం చూసుకుంది. రేనో కోటు బొత్తాలు పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. హెల్వి రొట్టె మూట కూతురి చేతిలో ఉంచి వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో, చాలా రోజులుగా వాడక తుప్పు పట్టిన గొంతు వెనక నుంచి వినిపించింది.

"మింగుతాను. పొయ్యి వెలిగించు. నీళ్ళు మాత్రం నేను పోస్తానమ్మా, నువ్వైతే కుమ్మరిస్తావు."