తొలకరి పురుగు

పిల్లలూ, గంధవతి రాజ్యాన్ని ఏలిన విజయసేనుడు మంచివాడే కానీ, ఆయనకు సింహాసనాల పిచ్చి. ఉన్నవి చాలవన్నట్టు సముద్రం అవతలి దీవి నుంచి నల్లమాను దుంగలు తెప్పించి మరొకటి చేయించుకున్నాడు. ఆ తర్వాత మూడేళ్ళకు, రాజ్యానికి ప్రాణమైన గుగ్గిలం అడవి ఎండిపోసాగింది. పచ్చగా ఉన్న చెట్టు నెల తిరిగేసరికి మోడయ్యేది. వైద్యులు వచ్చారు, మాంత్రికులు వచ్చారు, విందులు తిని వెళ్ళారు.

ఆ అడవికి కాపరి దాలయ్య. తల్లిలేని అతని కూతురు నూకాలుకు పదమూడేళ్ళు. వాళ్ళ వంశంలో మొదటివాడు వనదేవతకు, "చెట్లు ఎండితే మేమూ మానులమైపోతాం" అని మాట ఇచ్చాడు. ఆ మాట ఇప్పుడు ఫలించింది. ఒకనాడు చెట్ల మధ్య నిలబడ్డ దాలయ్య కాలు కదపలేకపోయాడు. పాదాల నుంచి మోకాళ్ళ దాకా బెరడు కట్టింది.

"అయ్యా, నానెల్లి మందు తెత్తాను" అంది నూకాలు.

"ఏ దిక్కుకెల్తావమ్మా, సిన్నగుంటవి?"

"దొరికిన దిక్కుకే ఎల్తాను."

మూడు కొండలు దాటాక, గుహలో తపస్సు చేసుకుంటున్న ముసలి యోగిని కనిపించింది. ఆమె నూకాలు గోడంతా విని, "మీ చెట్లను లోపల తినేస్తున్న పురుగు మీ రాజుగారి దుంగల్లోనే వచ్చింది తల్లీ. దాని సంగతి ఆ దీవిని ఏలే కాష్ఠాసురుడికే తెలుసు. తొలకరి పడగానే అది రెక్కలతో బయటికొచ్చి కొత్త చెట్లను పట్టుకుంటుంది. ఈలోగా తిరిగి రా" అంది.

సముద్రపు ఒడ్డున ఇల్లంత తాబేలు అడ్డం పడుకుని ఉంది. "నిన్ను దీవికి మోసుకుపోతాను. కానీ ఈ ఒడ్డునున్న వంద చెట్లలో ఒకదానికి పురుగు పట్టింది. బెరడు ఒలవకుండా అదేదో చెప్పు" అంది. నూకాలు ఒక్కో మానుకూ చెవి ఆనించింది. ఎండకు తల తిరిగింది, చెంపలు దోక్కుపోయాయి. సాయంత్రానికి ఒక మాను లోపల ఎవరో అటుకులు నములుతున్నట్టు కరకర వినిపించింది.

"ఇదే తాతా!"

తాబేలు ఆమె ఎక్కడానికి వీపు వంచింది.

కాష్ఠాసురుడు ఆమె చెప్పింది విని మీసం దువ్వాడు. "ఓసి మానవ బాలికా! నా దీవిలో ఈ పురుగులను తినే పిట్టలున్నాయి. మీ అడవిలో లేవు. అది పురుగుల తప్పా?"

"తప్పెవలిదైనా మా అయ్య మానైపోతన్నాడు. మందు సెప్పు బాబూ."

రాక్షసుడి గొంతు కొంచెం తగ్గింది. "తొలకరినాడు బతికున్న మానుకు గాటు పెట్టండి. ఆ జిగురు వాసనకు అడవిలోని పురుగులన్నీ వచ్చి మత్తుగా వాలతాయి. ఏరి నిప్పులో వేయండి. అయితే ఆ మాను బతకదు. అవునూ, నా పురుగు దొంగచాటుగా తినదే! మొదటి ఏడే చెట్టు మొదట్లో పిడికెడు చెక్కపొడి రాలుస్తుంది. మీరెవరూ చూడలేదా?"

నూకాలుకు చప్పున గుర్తొచ్చింది. ఏటా తొలకరి ముందు చెట్టు చెట్టునూ మొక్కి, మొదలు శుభ్రంగా ఊడ్చి, పసుపు నీళ్ళు చల్లడం వాళ్ళ ఆచారం. మూడేళ్ళూ ఆ పొడిని చెత్త అనుకుని ఊడ్చేసింది తన తండ్రే.

ఆమె తిరిగొచ్చేసరికి అడవి మీద మబ్బు పట్టింది. దాలయ్యకు బెరడు ఛాతీ దాకా వచ్చింది. చేతులు మాత్రం ఆడుతున్నాయి. నూకాలు మందు సంగతి చెప్పింది, పొడి సంగతి దాచింది.

"మరి ఇన్నేళ్ళూ మనకేల తెలీనేదు బుల్లీ?"

నూకాలు చూపు శుభ్రంగా ఊడ్చి ఉన్న చెట్టు మొదలు మీదికి పోయింది. దాలయ్య కూతురి ముఖం చూశాడు, ఆపైన తన చేతులు చూసుకున్నాడు.

"ఆ సెక్కపొడి ఊడ్సేసినాను కదా" అన్నాడు మెల్లగా.

"బక్తితో సేసినావయ్యా. నానూ సీపురు పట్టినాను."

"నాను పట్టమంటే పట్టినావు. అంతే."

"ఆ మూల వంగిపోయిన ముసిలిమానుకి గాటెడదాం. పురుగులు సస్తే నువ్వు మల్లీ మడిసివైపోతావు" అని నూకాలు నిప్పు కోసం గుడిసెకు పరిగెత్తింది. తొలి చినుకులు పడ్డాయి. నిప్పుకుండతో వచ్చి చూస్తే, దాలయ్య భుజానికి వేలాడే కత్తితో తన ఛాతీ మీది బెరడుకే గాటు పెట్టుకున్నాడు. తేనెరంగు జిగురు కారుతోంది. నలుమూలల నుంచీ పెంకుపురుగులు గుంపులుగా వచ్చి అతని మీద వాలుతున్నాయి.

"అయ్యా! ఎంత పని సేసినావు!"

"ఆ ముసిలిమాను ఏం తప్పు సేసిందమ్మా? ఏడుపు తరవాత. ముందు ఏరు."

నూకాలు ఏడుస్తూనే ఏరింది. కుండలో నిప్పు ఆరకుండా వంగి అడ్డం పెట్టుకుని, గుప్పెళ్ళ కొద్దీ వేసింది. బెరడు మెడ దాకా, గడ్డం దాకా పాకింది. "ఎడం బుజం మీద ఇంకోటుంది, సూడు" అన్నాడు దాలయ్య. అవే అతని చివరి మాటలు. పొద్దు వాలేసరికి ఆ మాను మీద పురుగూ లేదు, ఆ మానులో ప్రాణమూ లేదు.

అడవి బతికింది. విజయసేనుడు సింహాసనాన్ని తన చేతులతో తగలబెట్టి, నూకాలును అడవికి రాణిని చేశాడు. అక్కడి ఏలికకు కిరీటం ఉండదు, తలపాగా ఉంటుంది. దాన్ని తండ్రి కట్టాలి. రాజు కట్టబోతే, "మీరొద్దు బాబూ" అని నూకాలు గుడ్డ తీసుకుని తనే చుట్టుకుంది. నేర్పేవాళ్ళు లేక అది వంకరగా కుదిరింది, ఒక కొస చెవి మీదికి జారింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ సరిచేయనూ లేదు. ఆ వంకర తలపాగాతోనే కొత్త రాణి వానలోకి దిగి, మొదటి చెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కపొడి రాలిందేమోనని మొదలంతా వెతికింది.