నెమలిరంగు ఊలు పట్టీ

తాతయ్య మళ్లీ పట్టీ తీసేశాడు.

పిచ్చుక భుజం మీది స్కూలు బ్యాగు దించకముందే అది చూసింది. నీలం, ఆకుపచ్చ కలిసి మెరిసే ఊలు పట్టీ అలిగి పడుకున్న పిల్లిలా కుర్చీ కింద పడి ఉంది. తాతయ్య ఎడమ చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది.

పిచ్చుక అన్నది ఆ పిల్ల అసలు పేరు కాదు. నిద్రపోతే తప్ప నోరు మూతపడదని తాతయ్య పెట్టిన పేరు. అసలు పేరు స్కూల్లో హాజరు పిలిచేటప్పుడే పనికొస్తుంది. చలికాలం చివర్లో తాతయ్యకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, దాంతోపాటే మాట కూడా. అప్పట్నుంచి పిచ్చుకా అని పిలిచేది అమ్మ ఒక్కతే.

చెయ్యి అలా వేలాడితే భుజం కీలు జారుతుందని, జారితే మళ్లీ ఆస్పత్రి తప్పదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే పగలంతా ఆ చేతిని సంచిలాంటి స్లింగులో పెట్టి, దాని పట్టీని మెడకు తగిలించాలి. అమ్మ మందుల షాపులో పనిచేస్తుంది. స్కూలు వదిలాక, అమ్మ వచ్చేదాకా స్లింగు కాపలా పిచ్చుకది.

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన బెల్టు మెడకు కోసుకుపోతోందని మొదట కనిపెట్టింది కూడా పిచ్చుకే. స్కూల్లో క్రోషే నేర్పుతున్నారు కాబట్టి, మెత్తటి పట్టీ తానే అల్లుతానంది. అమ్మ మురిసిపోయి ఊలు షాపుకు తీసుకెళ్లింది.

ఈ ఎండల్లో మెడకైతే కాటన్ దారమే హాయిగా ఉంటుందని షాపు ఆంటీ చెప్పనే చెప్పింది. పిచ్చుక కాటన్ ఉండల వైపు ఓసారి చూసింది. అన్నీ తెగ ఉతికిన బట్టల్లా వెలవెలబోతున్నాయి. పక్క అరలో నెమలిరంగు ఊలు తళతళలాడుతోంది. చెవులు ఆంటీకి, కళ్లు ఊలుకు అప్పజెబితే ఏమవుతుంది? కళ్లే గెలుస్తాయి.

మొదట అల్లిన పట్టీ వంకరపోయింది. దాన్ని సొరుగులో దాచేసింది. రెండోది చక్కగా కుదిరింది. స్లింగు బెల్టు తీసేసి దాన్ని కుట్టారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తాతయ్య మాత్రం వేసిన కాసేపటికే కుడిచేత్తో తల మీంచి లాగి పడేశాడు.

ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. వేసినప్పుడల్లా అదే తంతు. నచ్చలేదు కాబోలు అనుకుంది పిచ్చుక.

ఈరోజు దాని సంగతి తేల్చాలనుకుంది. పట్టీని కత్తెరతో మధ్యకు కత్తిరించి, చేతిని స్లింగులో పెట్టి, కొసలను తాతయ్య మెడ చుట్టూ తెచ్చి, వీపు వెనక గట్టిగా ముడేసింది. దాని మీద ఇంకో ముడి.

తాతయ్య కుడిచెయ్యి పైకి లేచింది. పట్టీని లాగింది. రాలేదు. భుజం మీంచి వెనక్కి వెళ్లింది. ముడి దాకా అందలేదు. మళ్లీ వెళ్లింది. తర్వాత ఒళ్లో వాలిపోయింది. తాతయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

పిచ్చుకకు గెలిచినట్టు అనిపించింది. కానీ ఎంతోసేపు అలా అనిపించలేదు.

“మెత్తగానే ఉంది కదా తాతయ్యా. నీకోసమేగా అల్లింది” అంది.

తాతయ్య ఇటు తిరగలేదు.

సరే, చూపిస్తే తెలుస్తుందిలే అనుకుని సొరుగులోంచి ఆ వంకర పట్టీ తెచ్చింది. తన మెడకు చుట్టుకుని, తాతయ్య ఎదురుగా లెక్కల పుస్తకం తెరిచి కూర్చుంది.

“చూడు, నేనూ వేసుకున్నా. నాకేం కాలేదు.”

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను చివరిసారి ఓ చుట్టు తిరిగి ఆగిపోయింది. కిటికీలోంచి వేడిగాలి వచ్చి లెక్కల పుస్తకం పేజీ తిప్పింది. పిచ్చుక మెడ మీద ఏదో పాకినట్టయింది. చేత్తో తడిమితే చీమ కాదు, ఊలు. చెమట పట్టే కొద్దీ ఊలు నూగు ఒంటికి అతుక్కుంటోంది. చెవి వెనక దురద, గడ్డం కింద మంట.

గోక్కుంటే ఓడిపోయినట్టే. తాతయ్య ఇప్పుడు ఇటే చూస్తున్నాడు మరి. పిచ్చుక పెదవి కొరుక్కుని, పెన్ను గట్టిగా పట్టుకుని, ఒకే లెక్కను చూస్తూ కూర్చుంది. అది కూడికో తీసివేతో ఆ క్షణంలో అడిగితే చెప్పలేకపోయేది.

తాతయ్య కుర్చీలో ముందుకు వంగాడు. కుడిచెయ్యి చాచాడు. వేళ్లతో పిచ్చుక మెడలోని పట్టీ పట్టుకుని, జుట్టుకు చిక్కుకోకుండా మెల్లగా విప్పి తీశాడు. తీసి బల్ల మీద పెట్టాడు.

చెమట పట్టిన పిచ్చుక మెడకు ఆ గాలే చల్లగా తగిలింది.

అప్పుడు లేచింది. తాతయ్య కుర్చీ వెనక్కి వెళ్లి ముడి పట్టుకుంది. చెమటకు తడిసిన ఊలు బిగుసుకుపోయింది. గోళ్లతో రాలేదు, పళ్లతో రాలేదు. పరుగెత్తి క్రోషే సూది తెచ్చి, దాని కొక్కెం ముడిలోకి దూర్చి పోగు పోగునూ సడలించింది. అంతసేపూ తాతయ్య తల వంచుకుని కదలకుండా కూర్చున్నాడు.

పట్టీ ఊడొచ్చింది. దాని కింద మెడ చుట్టూ ఎర్రటి చార, చార నిండా చెమటకాయలు.

ముందు చేతి కింద దిండు పెట్టింది. తర్వాత మేకు మీది పాత తువ్వాలు తీసి, తడిపి, తాతయ్య మెడ మీద వేసింది. తాతయ్య బస్సు నడిపిన రోజుల్లో ఆ తువ్వాలు మెడ మీంచి దిగేది కాదు. ఇంజను పక్కన నిప్పుల కొలిమిలా ఉంటుందని, ఇది లేకపోతే ఉడికిపోయేవాణ్ణని చెప్పేవాడు. ఉతికి ఉతికి దాని రంగేమిటో ఎవరికీ గుర్తులేదు. తాతయ్య కళ్లు మూసుకుని, పొడుగ్గా ఊపిరి వదిలాడు.

సాయంత్రం అమ్మ చెప్పులు విప్పేలోపే పిచ్చుక ఎదురెళ్లి అంతా చెప్పేసింది. వీపు వెనక ముడేసిన సంగతి కూడా దాచలేదు.

అమ్మ తాతయ్య మెడ చూసింది. పౌడరు అద్దింది. తిట్టలేదు.

పౌడరు డబ్బా మూత పెడుతూ అమ్మ అడిగింది. “బెల్టు కోసుకుపోతోందని నువ్వే కదా కనిపెట్టావు. మరి ఇదెందుకు కనపళ్లేదే?”

పిచ్చుక కాలి బొటనవేలితో నేల మీద గీసింది. “బెల్టు నేను అల్లింది కాదు కదమ్మా.”

అమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఆ పూటకు ఆస్పత్రి బెల్టునే మళ్లీ స్లింగుకు కుట్టి, దానికి తువ్వాలు చుట్టింది.

మర్నాడు ఊలు షాపుకు పిచ్చుక ఆ తువ్వాలు పట్టుకుని వెళ్లింది. ఏ రంగు కావాలని అడిగింది ఆంటీ.

“రంగు తర్వాత ఆంటీ. ఇంత మెత్తగా ఉండేది, చెమట పీల్చేది కావాలి.”

ఆంటీ కాటన్ ఉండలు తెచ్చి ముందు పోసింది. పిచ్చుక ఒక్కో ఉండ తీసుకుని చెవి కింద, మెడ మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఒకటి గరగరమంది. ఇంకొకటి మెత్తగానే ఉంది కానీ నూగు రాల్చింది. మూడోదాన్ని తీస్తే ఎంతకీ కిందపెట్టలేదు.

“నిద్రపోయావా ఏంటే తల్లీ? దిండు కావాలంటే పక్క కొట్లో దొరుకుతుంది” అంది ఆంటీ.

“ఇంకాసేపు ఉండనివ్వండి. చెమట పట్టాక ఎలా ఉంటుందో చూడాలి.”

చెమట పట్టేదాకా కళ్లు తెరిచి రంగు చూసుకోలేదు. సరిగ్గా తువ్వాలు రంగే. అంటే, ఏ రంగూ కాదు.

ఈసారి గాలి ఆడేలా సందులు వదిలి వదులుగా అల్లింది. పట్టీకి రెండు కొసలు ఉంచింది. దాన్ని స్లింగుకు కుట్టి తాతయ్యకు వేశాక, ఆ కొసలను వెనక కాకుండా ముందు వైపు, కుడిచేతికి తేలిగ్గా అందేచోట, ఒక్క కొస లాగితే ఊడిపోయేలా ముడేసింది.

కాసేపయ్యాక తాతయ్య చెయ్యి ముడి మీదికి వెళ్లింది. కొస పట్టుకుని లాగింది. పట్టీ ఊడి ఒళ్లో పడింది.

వంటగది గుమ్మంలో అమ్మ గరిటెతో అలాగే నిలబడిపోయింది. పిచ్చుక మొహం చిన్నబోయింది. అయినా ముందు దిండు తెచ్చి ఎడమ చేతి కింద పెట్టింది. తాతయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుని మెడ చూసింది. ఎరుపు లేదు.

“దురదగా ఉందా తాతయ్యా?”

తాతయ్య తల అడ్డంగా ఊపాడు.

“చెమటా?”

మళ్లీ అడ్డంగానే.

పిచ్చుక కాస్త ఆలోచించింది. “వస్తుందో రాదో అని లాగి చూశావా?”

తాతయ్య అవునన్నట్టు కనురెప్పలు మెల్లగా దించి ఎత్తాడు. పెదవి కుడి కొస కొంచెం కదిలింది. ఒళ్లో పడ్డ పట్టీ కొసను తీసి, తనే పిచ్చుక చేతికి అందించాడు.

పిచ్చుక ముడేసింది. ముందు వైపే, వదులుగా.