డబ్బా మీద కాగితం

మా గుడియాత్తం ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా నడవ చీకటిగానే ఉంటుంది. ఆ రోజు నా మరిది నటేశన్ ఏడాది తిథి. పురోహితుడు వెళ్ళిపోయాడు. తడి అరిటాకుల వాసన, హోమం పొగ. వాటి అడుగున సన్నగా... వెల్లుల్లి వాసన.

తిథి వంటలో మేము వెల్లుల్లి వెయ్యం.

ఆ వాసన నాకు తెలుసు, పురుగుల మందుది. పోయినేడు నటేశన్ వంకాయ తోట కోసం చిత్తూరు నుంచి ఆ మందు తెచ్చినాడు. మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయాక అక్కడి సరుకు మీద అన్నీ తెలుగు రాతలే. మా ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, బళ్ళో చదివింది మాత్రం అరవం. తెలుగు చదివేది నేనొక్కదాన్నే, అదీ ఎవరూ నేర్పకుండా.

"వదినా, దీంట్లో ఏమి రాసుండాది?" అన్నాడు, డబ్బా నా ముందు పెట్టి.

ముందురోజే పదిమందిలో నన్ను 'కాగితాలు మేసే మేక' అన్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"మేకకు చదువు యాడ వస్తుందప్పా? నువ్వే చదువుకో."

నవ్వి, వట్టి చేతుల్తో కలిపినాడు. సాయంత్రానికి వేలూరు పెద్దాసుపత్రి. నోట నురగ. చర్మం కింద కండలు పురుగుల్లా కదిలాయి. కంటిపాపలు ఆవగింజలంత అయినాయి. తెల్లారలేదు వాడికి.

తర్వాత పుస్తకంలో చదివాను. నరం చివర ఒక రసం చుక్క ఊరుతుందట. పక్కనున్న కండకు అదే కబురు. కబురు అందగానే ఆ చుక్కను తుడిచేసే పదార్థం ఇంకొకటి ఉంటుంది. ఈ విషం ఆ తుడిచేదాన్నే కట్టిపడేస్తుంది. ఒకసారి అన్న మాట ఇక ఆగదు.

డబ్బా మీది కాగితం ఊడదీసి ఆ పుస్తకంలోనే దాచాను. వాడు అడిగితే నేను చదవలేదన్న సంగతి వాడి పెళ్ళాం కోకిలకు ఏడాదిగా చెప్పలేదు.

ఇప్పుడు నడవలో ఆ వాసన దగ్గరైంది. నా ఎడమ రెప్ప అదిరింది. ఆగలేదు.

"వదినా... ఏమి రాసుండాది?"

చెవి పక్కనే. తడిగా...

గూట్లోని పుస్తకంలోంచి కాగితం తీసి గుసగుసగా చదివాను. "వట్టి చేతితో తాకరాదు. ప్రాణాపాయం."

రెప్ప ఆగింది.

"ఎవరికి చదవతా ఉండావక్కా?" గడపలో కోకిల.

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పాలి...

"ఎవరికీ లేదమ్మా. ఏదో పాత కాగితం."

దగ్గరికొచ్చి నా చేతిలోంచి తీసుకుంది. తలకిందులుగా పట్టుకుని చూసింది. ఆమె ఎడమ రెప్ప అదురుతోంది.

"ఏమి రాసుండాది?" అంది.

చీకట్లో కంటిపాపలు విచ్చుకోవాలి. ఆమెవి ఆవగింజలంత ఉన్నాయి.

ఆ డబ్బాను కోకిల ఏనాడూ ముట్టలేదు.