నాన్న చదవని పేజీలు

“ఆ పిల్ల ఈ గడప తొక్కడానికి వీల్లేదు! నేను బతికుండగా వీల్లేదు!”

భర్త కేకకు ఆమె చేతిలోని పళ్ళెం జారినంత పనైంది. గట్టిగా తుమ్మడానికైనా మొహమాటపడే మనిషి... కన్నకూతురి మీద ఇంత మాటా! ఆ కూతురేమో మధ్యాహ్నం బండికి వస్తున్నానని కబురు పెట్టింది. ఇటు భర్త, అటు బిడ్డ... అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయింది ఆ తల్లి!

ఆయన పనిచేసే సంస్థ యుద్ధ విమానాలకు మెమరీ పెట్టెలు తయారుచేస్తుంది. విమానం గాలిలో ఉన్నంతసేపూ ఇంజను ఎలా నడిచిందో, ఎంత ఎత్తున ఎగిరిందో అంతా దాచిపెట్టుకునే పెట్టెలవి. ఏ కంపెనీ వాటాలు కొనవచ్చో, ఏవి కొనకూడదో పరిశీలించి చెప్పడం కూతురి ఉద్యోగం. వాయుసేన నుంచి పెద్ద ఆర్డరు వచ్చిందని జనమంతా ఆ సంస్థ వాటాల కోసం ఎగబడుతుంటే, ఆ అమ్మాయి ‘ఇప్పుడు కొనవద్దు’ అని నివేదిక రాసింది. మర్నాటికల్లా ధర దభీమని పడిపోయింది.

“స్టోర్సు గుమాస్తా ఏమన్నాడో తెలుసా? ‘గురువుగారూ, మనకి బయట శత్రువులెందుకండీ, మీ ఇంట్లోనే పెంచారుగా!’ అన్నాడు. అందరూ ఒకటే నవ్వు! ఇంకో రెండు నెలల్లో రిటైరయ్యేవాణ్ణి... తలెత్తుకుని బయటికి రానిచ్చిందా మీ అమ్మాయి?”

“ఫస్టు క్లాసు వచ్చినప్పుడేమో మీ అమ్మాయి, ఇప్పుడు మా అమ్మాయా?” అందామె. నవ్వబోయింది గానీ కళ్ళు నిండిపోయాయి. ఆయన నివేదికను బల్ల మీద పడేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆమె అక్కడే కూలబడింది. ఎలాంటి రోజులవి! టైర్ల దుకాణం వెనక అద్దె షెడ్డులో మొదలైంది ఆ సంస్థ. పెట్టెను ఊగే బల్లకు బిగించి గంటలకొద్దీ కుదపడం, కొలిమిలాంటి వేడిలో పెట్టడం, మంచులో గడ్డకట్టించడం, ఆ పైన అందులో దాచిందంతా మొదటి నుంచి చివరి దాకా చదివి చూడడం... అదీ ఆయన పని. ఆఖరి అంకె దాకా చూడనిదే ఒక్క పెట్టెనూ గది దాటనిచ్చేవాడు కాదు. సాయంత్రం ఇంటికొస్తే చేతుల్లో ఆ కుదుపు ఇంకా మిగిలే ఉండేది. చిన్నది పరుగున వచ్చి ఆ అరచేతిని చెవికి ఆనించుకుని, “నాన్నా, ఇంకా ఊగుతోంది!” అని కిలకిలా నవ్వేది... రెండు వైపుల చుట్టాల్లోనూ మొట్టమొదటి పట్టభద్రురాలు ఆ బంగారుతల్లి! ఆ నల్లగౌను ఫోటోను ఆయన పెట్టెలను పరీక్షించే గదిలోని బీరువా తలుపు లోపల అంటించుకున్నాడు. దాన్ని కూడా పీకేసి ఉంటాడా...?

కళ్ళు తుడుచుకుని నివేదిక చేతిలోకి తీసుకుంది. మొదటి పేజీ నలిగిపోయి ఉంది. మిగతావి విప్పనైనా లేదు! తెలుగులోనే ఉన్నా, ఆమె చదివింది ఏడో తరగతే. వేలు పెట్టుకుని ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ పోయింది. ఇరవై మూడో పేజీలో ఆ వేలు ఆగిపోయింది.

“ఏమండీ! ఒక్కసారి ఇలా రండి!” ఆ గొంతు విని కంగారుగా వచ్చాడాయన. ఆమె చదివి వినిపించింది.

“‘పంతొమ్మిదేళ్ళలో ఈ సంస్థ పెట్టె ఒక్కటి కూడా లోపంతో తిరిగి రాలేదు. దానికి కారణం యంత్రాలు కావు, పరీక్షల గదిలోని ఒకే ఒక్క మనిషి. ఆయన త్వరలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పని నేర్చినవారు మరొకరు లేరు. ఆ లోటు తీరేవరకూ ఈ వాటాలు కొనమని చెప్పలేము. ఆ ఉద్యోగి నా కన్నతండ్రి. పాఠకులు ఈ సంగతి తెలుసుకునే నా మాటను తూచుకోవాలి.’”

ఆయన ఆ పేజీని చేతిలోకి తీసుకున్నాడు. “ప్రతి పెట్టెనీ ఆఖరి దాకా చదివినవాణ్ణి... నా బిడ్డ రాసింది ఒక్క పేజీతో పారేశానే!”

గేటు చప్పుడైంది. సంచీ పట్టుకుని కూతురు బయటే నిలబడింది. “లోపలికి రానా అమ్మా...?” అంది బెరుకుగా. తల్లి అడుగు వేసేలోపే ఆయన ఎదురెళ్ళి సంచీ అందుకున్నాడు.

“బుల్లీ! ఓనరు ఇద్దరు కుర్రాళ్ళని పంపిస్తానన్నాడే, నేర్పమని. నాలాగా ఎవడు చేస్తాడులే అని నేనే వద్దన్నాను. ఆ లోటు కంపెనీది కాదు తల్లీ, నా పొగరుది!”

“అయ్యో నాన్నా! తెలిస్తే అదీ రాసేదాన్ని!” ఏడుస్తూనే నవ్వింది కూతురు.

“రేపే వెళ్ళి వాళ్ళని పంపమంటాను.”

“నువ్వు అడిగావని రేపే నివేదిక మార్చను నాన్నా...”

“మార్చకు! వాళ్ళు నేర్చుకున్నాక వచ్చి చూడు. పనిని చూసి రాయి, నా మొహం చూసి రాయకు.”

తండ్రీ కూతుళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. కుర్రాళ్ళకు నేర్పాల్సినవి ఆయన చెబుతుంటే కూతురు కాగితం మీద పెడుతోంది. “పెట్టెను బల్లకు బిగించేటప్పుడు ఆఖరి చుట్టు పానాతో కాదు, చేత్తోనే తిప్పాలి.”

“ఎందుకు నాన్నా?”

ఆయన మర తిప్పుతున్నట్టు గాల్లో తిప్పుతున్న వేళ్ళను ఆపేశాడు. “ఇన్నేళ్ళలో ఆ మాట ఎవర్నీ అడగనివ్వలేదు నేను...”

గుమ్మంలో నిలబడ్డ తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“నాకూ చెప్పండి. మీ ఆఫీసు సంగతులు గుట్టుగా ఉండాలన్నారని పంతొమ్మిదేళ్ళుగా నేనూ అడగలేదు.”

ఆయన భార్య వైపు కొత్తగా చూసినట్టు చూశాడు... మెల్లగా పక్కకు జరిగి, బెంచీ మీద చోటిచ్చాడు.