పోలయ్య చెప్పే సముద్రం గాలి

పిల్లలూ, మామిడిపండు మీకు అట్టపెట్టెలోనే తెలుసు. అది కాసే తోటలో రాత్రి ఎలా ఉంటుందో మీకెవరూ చెప్పలేదు. పోలయ్య మోటారు షెడ్డు సంగతి అసలే చెప్పలేదు. భయపడతారేమోనని ఇన్నాళ్ళూ దాచాను. ఇప్పుడు విన్నది విన్నట్టు చెబుతాను.

ఆగిరిపల్లి నుంచి నూజివీడు వెళ్ళే దారిలో, రోడ్డుకు బాగా లోపల, ఒక తోట మధ్యలో ఉంది ఆ షెడ్డు. దాని ముందు పది సెంట్ల ఖాళీ జాగా. అక్కడ నాటిన మొక్క ఏదీ బతకలేదంటారు. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు.

పోలయ్య బందరు దగ్గర సముద్రం మీద చేపల వేట చేసిన మనిషి. ఒకసారి హెచ్చరిక వినకుండా పడవేసుకుని వెళ్ళిన తమ్ముడు తిరిగి రాలేదు. ఆ తర్వాత పోలయ్య సముద్రం మొహం చూడలేక ఇక్కడికొచ్చి తోట కాపలాకు కుదిరాడు. కానీ రోజూ రాత్రి షెడ్డు గడపలో రేడియో పెట్టుకుని, మత్స్యకారులకు చెప్పే వాతావరణం వినేవాడు. విన్నది మళ్ళీ గొంతెత్తి చెట్లకు వినిపించేవాడు.

"సముద్రం ఇక్కడికి ఎనభై కిలోమీటర్లు. ఎవరికి చెబుతున్నావు పోలయ్యా?" అని కూలీలు నవ్వేవాళ్ళు.

"వినేవాళ్ళకి," అనేవాడు.

ఆ గడపలోనే పోయాడు. గొంతు మాత్రం పోలేదంటారు...

మొన్నటి వేసవికి ఆ తోట కాపలా బుచ్చయ్య, వెంకాయమ్మ అనే భార్యాభర్తలకు వచ్చింది. వచ్చిన నెలకే బుచ్చయ్య నిచ్చెన మీంచి పడ్డాడు. తొడ దాకా పిండికట్టు. లేచి నిలబడలేడు. అయినా మంచం చిన్నరసాల చెట్టు కిందే వేయించుకున్నాడు. కాపలావాళ్ళ పద్ధతి అది — ఏ చెట్టు కాయ ఖరీదైతే ఆ చెట్టు కిందే పడక. పైగా గాలికి రాలిన కాయలు కాపలావాళ్ళవి. గాలి లేస్తే అందరూ చెట్టు కింద నుంచి పారిపోతారు... వీళ్ళు చెట్టు కిందకు పరిగెడతారు.

ఒక రాత్రి, ఎనిమిదిన్నర. ఆకు కదలడం లేదు. వెంకాయమ్మ గిన్నెలు తోముతోంది.

ఎక్కడి నుంచో మగ గొంతు. సన్నగా, గరగరగా...

"...తీరం వెంబడి గాలులు... మత్స్యకారులు..."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏమయ్యా... విన్నావా?"

"గేటు దగ్గర లారీ ఆగుంది కదే. డ్రైవరు ఫోనయ్యుంటుంది."

నిజమే. పొద్దున్నే కాయ ఎక్కించడానికి వచ్చిన లారీ. వెంకాయమ్మ మళ్ళీ గిన్నె అందుకుంది.

అప్పుడు అదే గొంతు... ఈసారి దగ్గరగా.

"బయట ఉన్నవాళ్ళు వెనక్కి రండి... పడవల్ని ఒడ్డుకు లాగండి... ఒడ్డుకు లాగండి..."

"సముద్రం వాళ్ళకేదో చెబుతున్నాడు, మనకేంటి," అన్నాడు బుచ్చయ్య. కానీ ఆ మాట గుసగుసగా అన్నాడు.

పడమటి వైపు మెరిసింది. పైన ఆకులు ఒక్కసారి గలగలమన్నాయి. బుచ్చయ్య మొహం వెలిగింది. "గాలొస్తోందే. తట్ట తీసుకురా. తెల్లారేసరికి నాలుగు తట్టలు మనవే."

వెంకాయమ్మ తట్ట తేలేదు. తలెత్తి చూసింది. సరిగ్గా మంచం మీదుగా — మనిషి నడుమంత కొమ్మ. చుట్టూ ఎటు చూసినా చెట్లే. చెట్టు లేని చోటు ఒక్కటే... షెడ్డు ముందు.

ఆమె మంచం తలాపు పట్టి ఎత్తింది.

"ఏం చేస్తున్నావే?"

"ఒడ్డుకు లాగుతున్నా."

"అటా? దెయ్యానికి అప్పజెబుతావా నన్ను?"

"దెయ్యం నిన్ను భరించాలి కదా. గట్టిగా పట్టుకో."

కాళ్ళవైపు మంచం కోళ్ళు మట్టిలో దిగబడుతున్నాయి. లాగింది... ఆగింది... మళ్ళీ లాగింది. షెడ్డు గడప వైపు చూడలేదు. గొంతు వినిపించడం మానేసింది. ఎవరో ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టు ఉంది...

మంచం ఖాళీలోకి వచ్చిందో లేదో, ఈదురుగాలి విరుచుకుపడింది. దుమ్ము. వాన. వెనక చీకట్లో ఫెళఫెళమని ఏదో విరిగింది. ఇద్దరూ ఒకే దుప్పటి కింద, ఆ గడప ఎదురుగానే, తెల్లారేదాకా కూర్చున్నారు.

తెల్లారి చూస్తే — చిన్నరసాల చెట్టు కింద, మంచం కోళ్ళు దిగిన గుంటల మీద అడ్డంగా ఆ కొమ్మ.

లారీ డ్రైవరు అనిల్ పరుగున వచ్చాడు. వెంకాయమ్మ అతని చేతులు పట్టుకుంది. "నీ ఫోను మా ఆయన్ని బతికించింది బాబూ. రాత్రి సముద్రం మాటలు వినిపించింది నువ్వే కదా?"

"నేనే పిన్నీ. మా అన్న బందరులో బోటు మీద పనిచేస్తాడు. రోజూ వాళ్ళ వాతావరణం కబురు నాకూ పంపిస్తాడు."

ఆమె నవ్వింది. రాత్రంతా పడ్డ భయం దిగిపోయింది. "ఆ పడవల మాట మళ్ళీ ఒకసారి వినిపించు."

అనిల్ ఫోను నొక్కాడు. సన్నగా, గరగరగా...

"...తీరం వెంబడి గాలులు సాధారణంగా ఉంటాయి. మత్స్యకారులకు ఎలాంటి హెచ్చరికా లేదు."

ఆగిపోయింది.

"ఆ తర్వాతది?"

"ఇంతే పిన్నీ."

"ఒడ్డుకు లాగమన్నాడు కదా," అన్నాడు బుచ్చయ్య మెల్లగా. "ఇద్దరం విన్నాం."

"అలా ఎందుకంటారు బాబాయ్? గాలి ఇక్కడ లేచింది గానీ, సముద్రంలో ఏమీ లేదు. మా అన్న రాత్రంతా వేటలోనే ఉన్నాడు..."

ఇంతే పిల్లలూ, నా దాకా వచ్చింది. రేపు మీ పిల్లలకు మీరు చెప్పండి. ఆ గొంతు ఎవరిదో తేల్చి చెప్పకండి, మనకు తెలియదు. గాలి లేచిన రాత్రి చెట్టు కింద ఉండకూడదని మాత్రం రెండుసార్లు చెప్పండి.